"మా కాలంలో అయితేనా!" అనకండి

పోయిన శనివారం పొద్దున్న సాంబారు పొయ్యి మీద పెట్టాక చూసుకుంటే ఇంట్లో కొత్తిమీర లేదు. మా చిన్నదాన్ని పిలిచి, చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టి, వీధి చివర కూరగాయల కొట్టుకి వెళ్ళి ఓ కట్ట పట్టుకురమ్మన్నాను. దానికి పదకొండేళ్ళు. కొట్టు మా అపార్టుమెంటు గేటుకి రెండొందల అడుగుల దూరం ఉంటుందేమో. మధ్యలో ఒక సందు దాటాలి, అంతే.

పది నిమిషాలకి బెల్లు మోగింది. తలుపు తీస్తే మూడో అంతస్తు ఆవిడ మా పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"మీ పాప ఒక్కతే రోడ్డు మీద కనిపించిందండీ. నా గుండె ఆగినంత పనైంది. వెంటనే తీసుకొచ్చేశాను. ఈ రోజుల్లో అలా ఎలా పంపించారండీ?"

పిల్ల చేతిలో ఇరవై నోటు అలాగే ఉంది. మొహం కందగడ్డలా అయిపోయింది. కొట్టు ఇంకో పదడుగులు ఉందనగా వెనక్కి లాక్కొచ్చేశారట. నేను "థాంక్సండీ" అన్నాను. ఇంకేమంటాను? తలుపేసుకున్నాక మాత్రం చాలాసేపు ఒళ్ళు మండింది.

సాయంత్రం మా అన్నయ్యకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. వాడు పెద్దగా నవ్వాడు. "మా కాలంలో అయితేనా! పొద్దున్న చద్దన్నం తిని బయట పడితే చీకటి పడ్డాకే కదా ఇంటికొచ్చేవాళ్ళం! కాలవలో దూకాం, మావిడి చెట్లెక్కాం, తేళ్ళు కుట్టించుకున్నాం. ఏమైంది? బతికి బట్ట కట్టలేదా? మీరే పిల్లల్ని అద్దాల బీరువాలో బొమ్మల్లా పెట్టారు" అన్నాడు.

ఆ మాటకి ఇంకా మండింది. ఆవిడా నన్నే అంది, వీడూ నన్నే అన్నాడు. పిల్లని బయటికి పంపినా అమ్మదే తప్పు, పంపకపోయినా అమ్మదే తప్పు. అందుకని ఇవాళ ఇద్దరితోనూ దెబ్బలాట పెట్టుకోదలచుకున్నాను. ముందు అన్నయ్య పని పడతాను.

"బతకలేదా?" అని ఎవరడుగుతారు? బతికినవాళ్ళే అడుగుతారు. బతకనివాళ్ళకి ఫోన్లు లేవు, గ్రూపులు లేవు, ఆదివారం పూట కాఫీ తాగుతూ పాత కబుర్లు చెప్పుకునే అదృష్టం లేదు. మా పెదనాన్నగారి రెండో అబ్బాయి అలాంటివాడే.

మాది గోదావరి కాలవ పక్కన ఊరు. ఎండాకాలంలో కాలవ కట్టేసేవారు. అడుగున మట్టి ఎవరికి కావలసినంత వాళ్ళు తవ్వుకుపోయేవారు, ఇంటి గోడలకని, అరుగులకని. ఆ గోతులు అలాగే ఉండిపోయేవి. జూన్‌లో ఎర్రటి కొత్త నీళ్ళు వచ్చేవి. పైకి చూస్తే అంతా ఒక్కటే, ఎక్కడ మోకాలి లోతో ఎక్కడ నిలువు లోతో తెలీదు. 1989లో అలా నీళ్ళు వదిలిన వారంలోనే వాడు పోయాడు. వాడికి పదేళ్ళు, నాకు ఎనిమిది. రేవు మెట్ల మీద వాడి చొక్కా, పక్కన సగం కొరికిన జామకాయ ఉన్నాయి. ఆ జామకాయ నేనిచ్చిందే.

మన తరం బాల్యం గురించి చెప్పే ఏ కబుర్లోనూ వాడు ఉండడు. మా తరగతిలో కాళ్ళకి ఇనప పట్టీలు వేసుకుని, గోడ పట్టుకుని నడిచే అమ్మాయీ ఉండదు. పల్స్ పోలియో మొదలైంది 1995లో, దానికి చాలా ఆలస్యంగా. 1990లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 120 మందికి పైగా అయిదేళ్ళు నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ లెక్క 32కి దిగింది. దించింది బోరింగు నీళ్ళు, మట్టిలో ఆటలు కావు అన్నయ్యా. టీకాలు, ఆసుపత్రిలో పురుళ్ళు, పిల్లల చుట్టూ తిరిగిన అమ్మలు, ఊరూరా నడిచిన నర్సమ్మలు.

ఇంకో మాట. "తిరిగేవాళ్ళం" అన్నాడు కదా, ఆ వాళ్ళలో నేను ఎన్నాళ్ళున్నాను? పన్నెండో ఏడు దాకా. పెద్దమనిషినయ్యానని చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటం చేశారు. ఆ తరవాత అన్నయ్య సైకిలు ముట్టుకోకూడదు, జామచెట్టు ఎక్కకూడదు, అరుగు మీద కూర్చుని గట్టిగా నవ్వకూడదు. వాడు మాత్రం అలాగే చీకటి పడేదాకా తిరిగాడు. వీళ్ళు తలుచుకుని మురిసిపోయే ఆ స్వర్ణయుగం ఆడపిల్లలకి అయిదారేళ్ళ ముచ్చటే.

నేను బియ్యేలో తెలుగు చదువుకున్నాను. అల్లరి పిల్లలంటే మనకి ముందు ఎవరు గుర్తొస్తారు? చిలకమర్తివారి గణపతి, ముళ్ళపూడివారి బుడుగు. ఇద్దరూ మగపిల్లలే. బుడుగు పక్కింటి సీగాన పెసూనాంబ ఎంత ముద్దుగా ఉన్నా, పుస్తకం పేరు బుడుగే. నవ్వుకుంటూ పదిసార్లు చదివాను. పదకొండోసారి మా అమ్మాయికి చదివి వినిపిస్తుంటే అది అడిగింది, "అమ్మా, ఇలా తిరిగే అమ్మాయి పుస్తకం లేదా?" అని. వెతుకుతూనే ఉన్నాను.

అప్పట్లో భయం లేదన్న మాట కూడా అబద్ధమే. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. అందరికీ గౌరవం. పిల్లలకి పిప్పరమెంట్లు ఇచ్చేవాడు. ఆడపిల్లలం మాలో మేము చెవిలో చెప్పుకునేవాళ్ళం, ఆయన ఒళ్ళో మాత్రం కూర్చోకే అని. ఒక్కళ్ళమూ అమ్మకి చెప్పలేదు. చెబితే ఆయనకేం కాదు, మాకే ఇంట్లోంచి కదలకుండా తాళం పడుతుందని ఎనిమిదేళ్ళకే మాకు తెలుసు. ఈ సంగతి అన్నయ్యకి ఇవాళ్టికీ తెలీదు. వాడికి కనపడనిదాన్ని లేదనుకుంటున్నాడు, అంతే.

సరే, అన్నయ్య సంగతి అయింది. ఇక మూడో అంతస్తు ఆవిడ.

ఆవిడ భయం అబద్ధమని నేననను. మా ఊరి రోడ్డు మీద రోజుకి రెండు బస్సులు, నాలుగు ఎడ్లబళ్ళు. ఇక్కడ హైదరాబాదులో మా సందులో నిమిషానికి పది బళ్ళు పోతాయి, అందులో సగం రాంగ్ రూటే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ఈ అంకె తెలిసిన తల్లికి చెయ్యి వదలాలంటే గుండె దడే.

కానీ చెయ్యి వదలకపోతే రోడ్డు దాటడం ఎలా వస్తుంది? మా పెద్దవాడికి పదిహేనేళ్ళ వరకూ బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా ఉండేది కాదు. స్కూలు బస్సు ఎక్కడం, దిగడం, లిఫ్టు, ట్యూషను, మళ్ళీ లిఫ్టు. అది నా నిర్వాకమే. ఇంటి నుంచి పదో తరగతి దాకా చెయ్యి పట్టుకు నడిపిస్తాం. పది అవగానే ట్రంకు పెట్టె, బకెట్టు కొనిచ్చి ఇంటర్ హాస్టల్లో దింపేసి కళ్ళు తుడుచుకుంటూ వచ్చేస్తాం. ఆ తరవాత ఇంజనీరింగు, ఆ తరవాత ఇరవై రెండేళ్ళకి అమెరికా. కొత్తిమీరకి పంపని పిల్లని సముద్రాలు దాటించేస్తాం. మధ్యలో మెట్లేవీ?

ఇంట్లో ఉంటే క్షేమమన్న ధీమా కూడా నాకు లేదు. పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకి తెలిసినవాళ్ళేనని నేర నమోదు సంస్థ లెక్కలు ఏటా చెబుతున్నాయి. చుట్టాలు, పక్కింటివాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు. మా వీధి పిప్పరమెంట్ల పెద్దాయన లాంటివాళ్ళు. వీధి గేటుకి తాళం వేస్తే వాళ్ళు ఆగరు. పైగా తలుపేసిన గదిలో పిల్ల చేతిలో ఫోనుంటుంది. వీధిలో నలుగురు చూస్తుండగా పలకరించే మనిషి కన్నా, ఆ ఫోన్లో ఎవరూ చూడకుండా పలకరించే మనిషంటేనే నాకు భయం.

మరి అప్పట్లో ఉన్నదీ ఇప్పుడు లేనిదీ ఏమిటి? నాకు తోచింది ఒక్కటే. కళ్ళు. మేం ఒంటరిగా తిరిగామనుకుంటాం గానీ, అరుగు మీద బామ్మలు, కుట్టుమిషను దగ్గర దర్జీ, పాలకేంద్రం ఆయన, బడ్డీకొట్టు మావయ్య అందరూ చూస్తూనే ఉండేవారు. కోతికొమ్మచ్చి ఆడుతూ బాగా పైకి వెళ్తే "ఏయ్, దిగు, మీ నాన్నకి చెబుతా" అని ఎవరో ఒకరు కేకేసేవారు. చూసేవారు, కేకేసేవారు, మళ్ళీ ఆడుకోనిచ్చేవారు. మూడో అంతస్తు ఆవిడకి చూసే కన్ను ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను. ఆడుకోనిచ్చే గుండె లేదు.

అలా అనుకుని ఆవిడతో దెబ్బలాడటానికే సోమవారం మధ్యాహ్నం వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. కాసేపయ్యాక తనే అంది, "నాకూ మా అమ్మాయిని పంపాలనే ఉంటుందండీ. ఏదైనా అయితే మా ఆయనా, అత్తగారూ జీవితాంతం నన్నే అంటారు. అందుకే భయం."

నా నోటికి తాళం పడింది. మా పెద్దమ్మ గుర్తొచ్చింది. కాలవ అడుగున గోతులు తవ్విందెవరు? ఊరంతా. ఎర్రనీళ్ళలో దిగొద్దని చెప్పనిదెవరు? ఊరంతా. కానీ పన్నెండు రోజులూ వచ్చిపోయేవాళ్ళందరూ అన్న మాట ఒకటే, "పిల్లాణ్ణి చూసుకోవద్దటమ్మా?" అని. మావాళ్ళు బతికితే అది ఆ కాలం గొప్ప. పోతే తల్లి తప్పు. ఈ లెక్క మారనంత కాలం ఏ తల్లీ చెయ్యి వదలదు. బాబులూ, అన్నయ్యలూ, పిల్లలకి స్వేచ్ఛ లేదని మాకు పాఠాలు చెప్పేముందు, రేపు పిల్ల మోకాలు చిట్లించుకుని వస్తే ఇంట్లో ఎవరూ "నువ్వేం చేస్తున్నావ్?" అని అడగకుండా చూడండి. అది మీ చేతిలో పని.

వాడు పోయాక మా పెదనాన్న ఒక ఆజ్ఞ వేశాడు. ఇంటి పిల్లలెవరూ కాలవ వైపు వెళ్ళకూడదు. ఈత అన్న మాటే మా ఇంట్లో వినపడకూడదు. ఆయన దుఃఖం అది, తప్పుపట్టలేను. కానీ ఫలితం చూడండి. కాలవ పక్కన పెరిగిన ఏడుగురు పిల్లల్లో ఆరుగురికి ఈత రాదు. అన్నయ్య ఒక్కడు దొంగచాటుగా నేర్చుకున్నాడు. ఆడపిల్లలం మాకు ఆ దొంగచాటు కూడా లేదు. ఒక పిల్లాణ్ణి నీళ్ళు మింగితే మిగతావాళ్ళకి ఈత నేర్పించాలి గదా! మన దేశంలో ఇప్పటికీ ఏటా 30 వేల మందికి పైగా నీళ్ళలో మునిగి పోతున్నారు. భయం పుట్టిన చోట తాళం వేస్తే భయం పోదు. అక్కడే నేర్పు కావాలి.

అందుకని నేను చేసినవి చెబుతాను. గొప్పవేం కావు. నాలుగు రోజులు మా చిన్నదాని పక్కన నడిచి సందు ఎలా దాటాలో చూపించాను. మూడు రోజులు పదడుగులు వెనక నడిచాను, నోరు మూసుకుని. కొట్టావిడకి చెప్పాను, మా పాప వస్తుంది, ఓ కన్నేసి ఉంచమ్మా అని. మూడో అంతస్తు ఆవిడకీ అదే చెప్పాను, "కనిపిస్తే చూస్తూ ఉండండి, తీసుకురాకండి" అని. ఆవిడ నవ్వింది. ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటే నాకు చెప్పమని, చెబితే నీకు తాళం వెయ్యనని కూడా పిల్లకి ఒట్టేసి చెప్పాను. అన్నిటికన్నా అదే ముఖ్యం అనుకుంటున్నాను.

నిన్న అది ఒక్కతే వెళ్ళొచ్చింది. కొత్తిమీర బదులు పుదీనా తెచ్చింది. సాంబారులో వెయ్యలేదు గానీ పచ్చడి చేశాను. చిల్లర సరిగ్గా తెచ్చింది.

వచ్చే నెల నుంచి ఇద్దరం ఈతకి వెళ్తున్నాం. ఆడవాళ్ళ బ్యాచ్ పొద్దున్న ఆరింటికట. నలభై నాలుగేళ్ళకి ఈతేమిటని ఇంట్లో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. నవ్వనీండి. మూడో అంతస్తు ఆవిడ కూడా వాళ్ళమ్మాయి పేరు రాయించింది. తన పేరు ఇంకా ఆలోచిస్తోంది.