ఇంజన్‌ని కండెమ్ చేసే ముందు హెడ్ విప్పండి

ఇది పొడుగు పోస్టే. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, లేనివాళ్ళు ఆదివారం మీటింగులో చెయ్యెత్తే ముందైనా చదవండి. నేను బడిలో చదివింది తమిళం, పొన్మలై రైల్వే కాలనీలో. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. కాబట్టి నా మాట కాస్త మొరటుగా ఉంటుంది.

మన వ్యాన్ కుడితిని దాటాక వేడెక్కి ఆగిపోయి పదకొండు రోజులైంది. అప్పటినుంచి గ్రూపులో ఒకటే పాట. ఇంజన్ పోయింది, కొత్తది వేయించాలి, ఎస్టిమేట్ 1,90,000, తలా ఇంత వేసుకుందాం, తక్కువ పడింది డ్రైవరు జీతంలో నెలనెలా పట్టుకుందాం. ఆ ఎస్టిమేట్ ఇచ్చిన వర్క్‌షాపువాళ్ళు బానెట్ ఎత్తి చూశారు, తల ఊపారు, కాగితం రాశారు. ఒక్క బోల్టు విప్పలేదు. ఏం పాడైందో తెలియకుండా ఎంత అవుతుందో ఎలా తెలిసిందయ్యా?

నేను గూడ్స్ ఆఫీసులో గుమాస్తాని, మెకానిక్‌ని కాదు. కానీ రైల్వేలో ఒక పద్ధతి చూశాను. వ్యాగన్ పాడైతే దాన్ని సిక్ అని రాసి సిక్ లైన్లో పెడతారు. టీఎక్స్ఆర్ వచ్చి చూస్తాడు. బాగవుతుందా, వర్క్‌షాపుకు పంపాలా, కండెమ్ చేయాలా అన్నది ఆ తర్వాతి మాట. 2600 అశ్వశక్తి డీజిల్ లోకోలను పాటియాలా కార్ఖానాలో పూర్తిగా విప్పి, మళ్ళీ కట్టి 3100 అశ్వశక్తితో పట్టాల మీదికి పంపారు. అంత పెద్ద ఇంజన్‌నే పాతదని పారేయలేదు. మన వ్యాన్ ఏ పాటిది?

ఇంజన్ వేడెక్కితే మొదట దెబ్బ తినేది ఎక్కువగా హెడ్ గ్యాస్కెట్, తర్వాత హెడ్. హెడ్ అల్యూమినియం, కింద బ్లాకు ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు సాగుతుంది, అందుకే వంగుతుంది. విప్పి దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే వంపు ఎంతో తెలుస్తుంది. కంపెనీ చెప్పిన హద్దు మామూలుగా మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది. దాటితే లేత్ షాపులో గీయిస్తారు. ఒక జాగ్రత్త ఉంది. డీజిల్ ఇంజన్లో వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య చోటు చాలా తక్కువ, ఎక్కువ గీస్తే రెండూ కొట్టుకుంటాయి. కొన్ని హెడ్లు అసలు గీయకూడదు, మార్చాల్సిందే. మార్చినా అది హెడ్ ఖర్చే, ఇంజన్ ఖర్చు కాదు.

మరి ఇంజన్ నిజంగా ఎప్పుడు పోయినట్టు? బ్లాకుకు పగులు ఉంటే. పిస్టన్లు పట్టేసి క్రాంక్ తిరగకపోతే. ఆయిల్‌లో బేరింగు పొడి మెరుస్తూ కనబడితే. మన బండి క్రాంక్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, నేను దగ్గరుండి చూశాను. డిప్ స్టిక్ మీద ఆయిల్ మాత్రం మజ్జిగలా ఉంది, అంటే నీళ్ళు కలిశాయి. అది గ్యాస్కెట్ వల్లా కావచ్చు, హెడ్ పగులు వల్లా కావచ్చు, బ్లాకు వల్లా కావచ్చు. విప్పి ప్రెజర్ టెస్ట్ చేస్తే తప్ప ఎవడూ చెప్పలేడు.

అసలు ఎందుకు వేడెక్కిందని ఈ పదకొండు రోజుల్లో ఒక్కరైనా అడిగారా? రేడియేటర్ ముందు టార్చి వేసి చూడండి. తోరణగల్లు రోడ్డు మీద రాత్రింబగళ్ళు తిరిగే ఖనిజం లారీల ఎర్రదుమ్ము రెక్కల మధ్య ఇటుకలా గట్టిపడి ఉంది. మన ఇంటి కిటికీలు వారానికోసారి తుడుచుకుంటాం, దాన్ని ఎవరు తుడిచారు? లోపల కూలెంట్ బదులు బోరు నీళ్ళు. మన బోరు నీళ్ళతో టీ గిన్నె అడుగున ఎంత తెల్లని పెచ్చు కడుతుందో ఆడవాళ్ళను అడగండి. పైగా మూత రబ్బరు చీలింది. ఆ మూత సుమారు ఒక బార్ ఒత్తిడి నిలబెడితేనే లోపలి నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. ఒత్తిడి పోతే 100కే ఆవిరి.

కొత్త ఇంజన్‌కు వారంటీ ఉంటుంది కదా, నాలుగేళ్ళు నిశ్చింత అంటున్నారు కోశాధికారి తమ్ముడు. మాట సబబుగానే ఉంది. కానీ ఈ రేడియేటర్‌కే, ఈ మూతకే, ఈ బోరు నీళ్ళకే కొత్త ఇంజన్ బిగిస్తే వచ్చే ఎండాకాలం అదే కుడితిని దగ్గర మళ్ళీ ఆగుతుంది. కూలెంట్ లేక వేడెక్కిన ఇంజన్‌కు వారంటీ ఇవ్వమని అప్పుడు వాళ్ళు చూపించే షరతు ఇప్పుడే చదివి పెట్టుకోండి. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్టీఓ అనుమతి, మార్చిన 14 రోజుల్లోగా ఆర్‌సీలో నమోదు ఉండాలి. ఎస్టిమేట్‌లో ఆ మాటే లేదు. డయాలసిస్‌కు బళ్ళారి వెళ్ళే ఇద్దరు ఇప్పుడు బస్సులో నిలబడి పోతున్నారు. తొందరగా బండి కావాలంటే ఏది తొందరో లెక్క వేయండి.

ఇక డ్రైవరు సంగతి. నాకు కోపం తెప్పించింది ఇదే. టెంపరేచర్ ముల్లు పని చేయడం లేదని ఆ అబ్బాయి ట్రిప్ పుస్తకంలో మూడుసార్లు రాశాడు, తేదీలతో. పుస్తకం ఆఫీసు బీరువాలోనే ఉంది, తాళం కార్యదర్శి దగ్గర ఉంది. ఆవిరి కనబడగానే బండి పక్కకు తీశాడు, రోగిని బస్సు ఎక్కించాడు, కాలిన మూత తీయకుండా, చన్నీళ్ళు పోయకుండా గంటన్నర ఎండలో నిలబడ్డాడు. చన్నీళ్ళు పోసి ఉంటే అప్పుడు నిజంగానే బ్లాకు పగిలేది. మీటరు బాగు చేయించని కమిటీ జీతంలో ఎవరూ పట్టుకోరు, రాసి ఇచ్చినవాడి జీతంలో పట్టుకుంటారా?

హెడ్ విప్పి, లేత్‌లో చూపించి, ప్రెజర్ టెస్ట్ చేయించడానికి 6,500 అడిగారు. ఆ డబ్బు నా పెన్షన్‌లోంచి రేపే కడతాను, సంఘం తిరిగి ఇవ్వనక్కర్లేదు. శనివారానికి రిపోర్టు కాగితం మీద వస్తుంది. బ్లాకు పగిలిందని తేలితే కొత్త ఇంజన్‌కు మొదట లేచే చెయ్యి నాదే. డ్రైవరు జీతం కోత మాత్రం రిపోర్టు ఎలా వచ్చినా ఆదివారం అజెండాలోంచి తీసేయాలి. బీరువా తాళం తెచ్చి, ఆ ట్రిప్ పుస్తకం బల్ల మీద పెట్టండి.