రంగు తీసేయడం ఉచితం, తిరిగి ఇవ్వడానికి డబ్బు

అక్క పెళ్లి ఆల్బమ్ వచ్చిన రోజు అమ్మ రెండో పేజీ దగ్గర ఆగిపోయింది. "ఈ పిల్ల ఎవరే?" అంది. తలంబ్రాల ఫొటో అది. బావ తల మీద బియ్యం పోస్తున్న నల్లటి చేతులు అక్కవే. ముఖం మాత్రం పిండి పూసినట్టు తెల్లగా ఉంది. స్టూడియోకి ఫోన్ చేస్తే, "ఫేస్ బ్రైట్ చేశామమ్మా, అందరూ అదే అడుగుతారు. దానికి ఎక్స్‌ట్రా కూడా తీసుకోలేదు" అన్నారు. మేం అడగలేదు. అక్కనూ ఎవరూ అడగలేదు.

పెళ్లిలో బాగా కనబడాలనుకోవడం తప్పు కాదు. మనకు అది పోరాడి తెచ్చుకున్న హక్కు. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని దూరం నుంచే పట్టించే చీరకట్టునూ నగలనూ వదిలేయమన్నారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఠాకూర్ల వీధి మీదుగా ఒక దళిత వరుడి ఊరేగింపు వెళ్లడానికి పోలీసు బందోబస్తు కావాల్సి వచ్చింది. కాబట్టి "ఈ హంగులన్నీ మీకెందుకు" అనే నీతులు మనకొద్దు. పట్టుచీర కడదాం, నల్ల కళ్లద్దాలు పెడదాం, గుర్రమెక్కుదాం. కానీ అలంకరించుకోవడం వేరు, మనల్ని మనం చెరిపేసుకోవడం వేరు.

కెమెరా ఉన్నదున్నట్టు చూపిస్తుందంటారు. అదీ పూర్తి నిజం కాదు. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి వాడిన 'షర్లీ కార్డు' మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు సరైనట్టు లెక్క. నల్లవాళ్ల ముఖాల్లో వివరాలు మాయమైనా పట్టించుకోలేదు. ముదురు గోధుమ ఛాయలు సరిగా రావడం లేదని చాక్లెట్, ఫర్నిచర్ కంపెనీలు ఫిర్యాదు చేశాకే కొడాక్‌లో కదలిక వచ్చిందని పరిశోధకురాలు లోర్నా రోత్ రాశారు. చెక్కబల్లకు దక్కిన న్యాయం మనిషికి దక్కలేదు.

మన దేశంలో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మఛాయ ఫిల్టర్ తీసేసింది. పెళ్లి ఆల్బమ్ మాత్రం మారలేదు.

రంగే కులం అని నేననడం లేదు. కులం జాతిభేదం కాదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చారు. నల్లటి బ్రాహ్మణులూ, పచ్చటి దళితులూ ఊరూరా ఉన్నారు. అయినా తెలుపుకే ఎందుకు విలువ? ఎండలో కూలికి పోనవసరం లేని ఒంటికి అది గుర్తు కనుక. మా అమ్మ ఎండలో నాట్లేసి కూడబెట్టిన డబ్బుతోనే ఆ ఆల్బమ్ కొన్నాం. ఆ ఎండ ఆనవాలునే దాంట్లోంచి తుడిచేశారు.

"పెళ్లికూతురి ఇష్టం కదా" అంటారు. ఆమె అడిగితే అది ఆమె ఇష్టమే. అడగకుండా చేస్తే అది తీర్పు. ఛాయ తక్కువైతే కట్నం పెంచే సమాజంలో ఆ ఇష్టం ఎంత స్వేచ్ఛగా పుడుతుందో కూడా ఆలోచించాలి.

అందుకే అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పండి: రంగు మార్చొద్దు. వరుడి తెల్ల పంచెను చూసి కాదు, వధువు ముఖాన్ని చూసి వెలుతురు సెట్ చేయమనండి. ఫౌండేషన్‌ను పగటి వెలుగులో మెడ రంగుతో పోల్చి ఎంచుకోండి. ఎర్ర షామియానా కింద మిట్టమధ్యాహ్నం కాకుండా సాయంత్రపు మెత్తని ఎండలో నిలబడండి. ప్రింటుకు ముందు ప్రతి పేజీ చూడండి. నల్లటి ముఖం అందంగా రావడానికి కావలసింది సరైన వెలుతురు, పని తెలిసిన చెయ్యి. తెల్లరంగు కాదు.

అక్క ఆల్బమ్ వెనక్కి పంపింది. మళ్లీ ప్రింటు చేయాలంటే డబ్బు కట్టమన్నారు. మా రంగు తీసేయడం ఉచితమట, తిరిగి ఇవ్వడానికి ధర ఉందట. కట్టలేదు. మా దగ్గర వాట్సాప్‌లో ఫోన్లతో తీసిన ఫొటోలున్నాయి. వాటిలో ఒకటి పెద్దది చేయించి గోడకు తగిలించాం, అంబేడ్కర్ పటం పక్కన. అందులో అక్క నల్లగా, నవ్వుతూ ఉంది.

జై భీమ్.