కానరాని చోరులు

పూర్వము దొంగకు చీకటి కావలసియుండెను. ఇంటివారు తిరునాళ్లకు పోయిన రాత్రినో, అమావాస్యనాటి అర్ధరాత్రినో కనిపెట్టి, గోడకు కన్నము వేసి, కుక్క మొఱిగినచో పారిపోవుచుండెను. నేటి దొంగకు ఈ యిక్కట్టు లేవియు లేవు. అతడు పట్టపగలు వచ్చును. యజమాని పడకకుర్చీలో కూర్చుండియుండగనే వచ్చును. గోడను త్రవ్వడు, తాళమును విఱువడు. యజమాని చేతనే పెట్టె తెఱపించి, యజమాని చేతనే సొమ్మును లెక్కపెట్టించి పంపించుకొనును.

ఈ చోరుల ఆర్జన ఎంతటిదో మన ప్రభుత్వమే పార్లమెంటునకు తెలిపియున్నది. 2023వ సంవత్సరమున దేశ ప్రజలు ఇట్టి మోసములచే పోగొట్టుకొన్నది సుమారు 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లకు పెరిగినది. ఒక్క యేడాదిలో మూడింతలు! ఇది ఫిర్యాదు చేసినవారి లెక్క మాత్రమే. నలుగురిలో నవ్వులపాలగుదుమని నోరు మూసికొనినవారి నష్టము ఏ పుస్తకమునను చేరలేదు.

ఈ విషయము ఢిల్లీ, బొంబాయి నగరములకు సంబంధించినదని తణుకు పట్టణవాసులు ఉపేక్షింపరాదు. మన తాతల యింట డబ్బు ఇనప్పెట్టెలోను, పొలము దస్తావేజులు భోషాణములోను, ఉత్తరములు గోడనున్న తీగెకును, బంధువుల చిరునామాలు ఇంటి పెద్ద జ్ఞాపకములోను ఉండెడివి. ఒకటి పోయినను తక్కినవి మిగులుచుండెను. నేడు ఈ నాలుగును అరచేయి వెడల్పుగల ఒక్క సెల్‌ఫోనులో ఇమిడియున్నవి. బజారులో కూరగాయలమ్ము ముసలమ్మ మొదలు ధాన్యపు వర్తకుని వఱకు దానితోనే లావాదేవీలు నడపుచున్నారు. బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండగా, ఒంటరిగా కాలము గడపు వృద్ధ దంపతులు ఈ డెల్టాలో ఏ వీధిలో లేరు? వారికి ఆ ఫోను కేవలము యంత్రము కాదు. దాని తెరమీద మనుమని ముఖము కనబడును. ఆ ముఖము కనబడు కిటికీలోనుండియే దొంగయు ప్రవేశించుచున్నాడు.

ప్రవేశించు మార్గములలో మిక్కిలి క్రూరమైనది “డిజిటల్ అరెస్టు” అను మాయ. ఒకనాటి యుదయమున ఫోను మ్రోగును. మీ పేర వచ్చిన పార్సెలులో మాదకద్రవ్యములు దొరకినవనియో, మీ ఆధారుతో తెఱచిన ఖాతాలో నల్లధనము తిరిగినదనియో, విదేశమందున్న మీ కుమారుడు పట్టుబడెననియో ఒక కంఠము గద్దించును. పిమ్మట తెరపై ఖాకీ దుస్తులు, వెనుక గోడపై గాంధీమహాత్ముని పటము, బల్లపై జాతీయ పతాకము కనబడును. “నీవు అరెస్టయితివి, గదిలోనుండి కదలకుము, భార్యకైనను చెప్పకుము, నీ సొమ్మును పరీక్షకై ఈ ఖాతాకు పంపుము” అని ఆజ్ఞ. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు సైతము దినముల తరబడి తమ యింటిలోనే ఖైదీలై, జీవితకాలపు పొదుపును స్వహస్తములతో సమర్పించుకొన్నారు.

ఇందు మోసపోయినవారు చదువులేనివారు కారు. వారికి లేనిదేమి? ధైర్యమా? చట్ట పరిజ్ఞానమా? రెండును కలిసిన ఒకానొక పౌరస్పృహ లేదని మా యభిప్రాయము. టోపీని చూడగనే లేచి నిలువబడు అలవాటు, ముద్ర వేసిన కాగితమును చదువకయే కన్నులకద్దుకొను అలవాటు పరప్రభుత్వము మనకు నేర్పిపోయినది. 1930లో ఉప్పు చట్టమును ధిక్కరించి, లాఠీల కెదురుగా నిలిచిన తరమువారు ఆ భయమును విడిచిరి. వారి మనుమలమైన మనము, స్వరాజ్యము వచ్చిన యిన్ని దశాబ్దములకు, అద్దెకు తెచ్చిన ఖాకీ చొక్కాను చూచి వణకుట న్యాయమా? దొంగ మన ధనమును దోచుచున్నది యంత్రబలముచే కాదు. మనలో మిగిలియున్న దాస్యబుద్ధి చేత.

చట్టమేమి చెప్పుచున్నదో ప్రతి పౌరుడు కంఠస్థము చేయవలెను. వీడియోలో అరెస్టు చేయుట యనునది ఈ దేశపు ఏ శాసనమునను లేదు. ఈ మాటనే 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున స్పష్టముగా చెప్పిరి. నిజముగా అరెస్టయిన వానికి కారణము తెలుపవలెననియు, న్యాయవాదిని సంప్రదించుకొననీయవలెననియు, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు రాజ్యాంగము 22వ అధికరణము శాసించుచున్నది. హాజరు కమ్మని పోలీసులిచ్చు నోటీసును వాట్సాపు మూలమున జారీ చేయరాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఏ న్యాయస్థానమును, ఏ పోలీసు ఠాణాయు “విచారణ ముగియువఱకు నీ సొమ్మును మా ఖాతాలో వేయుము” అని అడుగదు. భార్యకు చెప్పవద్దని ఆజ్ఞాపించువాడు అధికారి కాడు. రహస్యమును కోరుటయే దొంగతనమునకు గుఱుతు.

ఈ చోరుల సాహసము ఎంతవఱకు పోయినదనగా, వారు సుప్రీంకోర్టు పేరనే కూట ఉత్తరువులను సృష్టించిరి. హర్యానా రాష్ట్రమందలి అంబాలాలో ఒక వృద్ధ దంపతులకు అట్టి కాగితములు చూపి కోటి రూపాయలకు పైగా హరించిరి. 2025 అక్టోబరులో ఆ న్యాయస్థానము తనంతట తానే విచారణకు గైకొని, డిసెంబరు 1న ఇట్టి మోసముల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. న్యాయదేవత ముద్రనే దొంగిలించినవారు మన ముంగిట నిలుచుటకు సంకోచింతురా?

భయమువలెనే సిగ్గును గూడ వీరు ఆయుధముగా చేసికొన్నారు. ఇందుకు దూరపు దృష్టాంతము అక్కరలేదు. 2022 సెప్టెంబరులో మన పొరుగుననే రాజమహేంద్రవరమున, ఫోనులోని యాపు ద్వారా చిన్న అప్పు తీసికొన్న భార్యాభర్తలు, అప్పులవారి వేధింపులను, తమ చిత్రములను అసహ్యముగా మార్చి బంధువులకు పంపుదుమను బెదిరింపులను సహింపజాలక ప్రాణములు తీసికొనిరి. ఇద్దరు పసిబిడ్డలు అనాథలైరి. ఆ సంవత్సరమే రిజర్వు బ్యాంకు నియమములు గావించినది: అప్పునిచ్చు యాపులు ఋణగ్రస్తుని ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను తాకరాదు, సొమ్ము ఋణమిచ్చు సంస్థ ఖాతానుండి నేరుగా ఋణగ్రస్తుని ఖాతాకే చేరవలెను. కావున “మీ పేర్ల పట్టికను చూచుటకు అనుమతి యిండు” అని అడుగు అప్పుల యాపును, తలుపు తట్టి తాళపుచెవి అడుగు పరాయివానిని వలె ద్వారమునుండియే పంపివేయవలెను. ఒకవేళ చిక్కుకొన్నను, చిత్రమును మార్చినవాడు సిగ్గుపడవలెను గాని చిత్రములోనున్నవారు కాదని మన సంఘము ఎలుగెత్తి చెప్పవలెను. ఆ మాటను ఆ దంపతులకు సకాలమున నలుగురు చెప్పియున్నచో ఆ యింట దీపము వెలుగుచుండెడిదేమో!

కాలువగట్టును వరద తెంచుటకు ముందు ఎండ్రకాయ తొలుచును. డెల్టా రైతునకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కరలేదు. మన నిత్యవ్యవహారములలో అట్టి చిన్న రంధ్రములు అనేకములు గలవు. వాట్సాపులో “పెండ్లి శుభలేఖ” యనియో, “బండి జరిమానా చలాను” అనియో, “కిసాను సొమ్ము” అనియో వచ్చు మూటలో చివర ఏ.పీ.కే. అను మూడక్షరములున్నచో అది శుభలేఖ కాదు. ఫోనులో కాపురము పెట్టి, బ్యాంకు పంపు ఓ.టీ.పీ.లను చదివి దొంగకు చేరవేయు గూఢచారి. తెలిసినవారి నుండి వచ్చినను తెఱవరాదు. వారి ఫోను అప్పటికే దొంగ వశమైయుండవచ్చును. యూ.పీ.ఐ.లో సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. “మీకు డబ్బు పంపుచున్నాను, పిన్ను నొక్కుడు” అనువాడు పంపుటకు కాదు, లాగుటకు వచ్చినవాడు.

చేతికి తగులు వస్తువుల జాగ్రత్త గూడ ఇంతే ముఖ్యము. ఏ.టీ.ఎం. వద్ద అపరిచితుని సాయమడిగి కార్డు చేతికిచ్చినచో, తిరిగి వచ్చినది మన కార్డో, అట్టిదే మఱియొకటో చూచుకొనువారు తక్కువ. కార్డు సంచిపై పిన్ను వ్రాసికొనుట తాళమునకే తాళపుచెవి వ్రేలాడగట్టుట. బస్సులో ఫోను పోయినప్పుడు దాని వెల పోయినదని విచారింతుము. దొంగ అందలి సిమ్మును తీసి మఱియొక ఫోనులో వేసి మన ఓ.టీ.పీ.లు పొందగలడని తలపము. ఫోనునకు తాళము వేసినట్లే సిమ్మునకును పిన్ను పెట్టుకొను వసతి యున్నది. పోయిన ఫోనును ఏ కంపెనీ సిమ్ముతోను పనిచేయకుండ స్తంభింపజేయు ఏర్పాటును కేంద్రప్రభుత్వము 2023 మే నెలనుండి దేశమంతటను కల్పించినది. సిమ్మును తక్షణము ఆపించి, బ్యాంకునకు తెలిపి, పిమ్మట ఫోనును వెదకుకొనవలెను.

వ్రేలిముద్ర మాటయో? 2018లో తెలంగాణమందలి పెద్దపల్లి ప్రాంతమున సిమ్ములమ్ము ఒకడు, రిజిస్ట్రేషను శాఖవారు అందఱకు కనబడునట్లు ఉంచిన భూముల దస్తావేజులనుండి జనుల వ్రేలిముద్రలను సేకరించి, వానిని రబ్బరుపై దింపి, వేలకొలది సిమ్ములకు ప్రాణము పోసెను. పిన్నును మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. ఆధారు సంఖ్యయు, వ్రేలిముద్రయు ఉన్నచోట ఓ.టీ.పీ. లేకయే ఖాతానుండి సొమ్ము తీయు పద్ధతి పల్లెలలో వాడుకలో నున్నది. పింఛను పుచ్చుకొను అవ్వకు అది మేలే. కాని ఆ సౌకర్యము అక్కరలేనివారు ఆధారు సంస్థవారి యాపులో తమ వ్రేలిముద్రలకు తాళము వేసికొనవచ్చును. జిరాక్సు దుకాణములలో ఆధారు ప్రతులను విడిచిపెట్టరాదు. చివరి 4 అంకెలే కనబడు ఆధారు ప్రతి సులభముగా లభించుచుండగా, చాలినచోటనెల్ల దానినే యియ్యవలెను.

అయితే భారమంతయు ప్రజల నెత్తినే వేసి ప్రభుత్వమును, బ్యాంకులను విడిచిపెట్టుట మా యుద్దేశము కాదు. ప్రజలు కోరిననాడును కోరకున్ననాడును వారిని ఈ యంత్రమార్గమునకు మరల్చినవారు, ఆ మార్గమున దీపములు పెట్టవలసినవారును వారే. దస్తావేజులపై వ్రేలిముద్రలను లోకమునకు చూపినది రైతు కాదు. దొంగకు ఖాతా తెఱచి యిచ్చినదియు ఒక బ్యాంకే. సిమ్ము నిచ్చినదియు ఒక కంపెనీయే. ఖాతాదారుని తప్పులేక మూడవవాని మోసమువలన సొమ్ము పోయి, వర్తమానమందిన 3 పనిదినములలో అతడు తెలిపినచో, నష్టము అతనిపై పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఉత్తరువు చేసినది. పిన్నును తానే చెప్పినవాడు సైతము బ్యాంకునకు తెలిపిన క్షణమునుండి జరుగు నష్టమునకు బాధ్యుడు కాడు. ఈ హక్కు ఎందఱకు తెలియును? ప్రతి శాఖలోను దీనిని పెద్ద తెలుగు అక్షరములతో గోడపై వ్రాయింపవలెనని మేము కోరుచున్నాము. వృద్ధుడొకడు ఆందోళనతో వచ్చి తన డిపాజిట్టు లన్నిటిని రద్దుచేసి పరాయి ఖాతాకు పంపుమన్నప్పుడు, “అయ్యా, ఎవరైన ఫోను చేసినారా?” అని గుమాస్తా అడుగు ఒక్క ప్రశ్న ఒక కుటుంబమును నిలబెట్టగలదు.

ఇక చోరులెవరు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము మిక్కిలి బాధాకరమైనది. 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసులు ఒక ఘోరమును బయటపెట్టిరి. కంప్యూటరు ఉద్యోగములని ఆశపెట్టి మన ఆంధ్ర యువకులను కంబోడియాకు చేర్చి, అచ్చట బంధించి, స్వదేశీయులనే మోసగించు పనిలో నియోగించుచున్నారు. అందు కొందఱు తిరుగబడి స్వదేశమునకు చేరిరి. ఫోనులో తెలుగున మాటలాడు ఆ కంఠము ఏ తల్లి కన్న బిడ్డదో! కావున విదేశపు కొలువునకు పోవు యువకులు ఏజెంటు ప్రభుత్వపు రిజిష్టరులో ఉన్నాడో లేడో విచారింపక అడుగు కదుపరాదు. కొలదిపాటి కమీషనునకు తమ బ్యాంకు ఖాతాను పరులకు అద్దెకిచ్చు విద్యార్థులు, తాము దొంగసొత్తునకు గాదెలగుచున్నామనియు, మొట్టమొదట సంకెళ్లు పడునది తమ చేతులకేననియు తెలిసికొనవలెను.

కర్తవ్యమేమి? మోసము జరిగిన తొలి గడియ బంగారము వంటిది. 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో, సొమ్ము చేతులు మారకమునుపే దానిని మధ్యలో ఆపుటకు ప్రయత్నింతురు. ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరమును మఱువని తెలుగువారికి ఈ సంఖ్యను గుర్తుంచుకొనుట కష్టము కాదు. ప్రతి కుటుంబమును ఒక సంకేతపదమును నిర్ణయించుకొనవలెను. కుమారుని కంఠముతోనే ఎవరైన సొమ్మడిగినను ఆ పదము చెప్పనిదే ఒక్క రూపాయి కదలరాదు. ఇంటిలోని యువకులు తలిదండ్రులను “మీకేమియు తెలియదు” అని కసరుట మాని, ఆదివారమున ఒక గంట కూర్చుండబెట్టి నేర్పవలెను. కసరిన బిడ్డకు తండ్రి తన కష్టము చెప్పడు. చెప్పని యింటనే దొంగ నెగ్గును. మోసపోయినవానిని అవివేకియని పరిహసించు పొరుగువాడు తెలియకయే దొంగకు తోడు నిలుచుచున్నాడు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొన్ననాడు, చదువుకొన్నవారు చదువుకొననివారికి పత్రిక చదివి వినిపించుట దేశసేవగా ఎంచబడినది. ఆ సేవ నేడు క్రొత్తరూపమున మనలను పిలుచుచున్నది. తణుకు పట్టణమందలి పఠనమందిరములు, కళాశాలలు, మహిళా సంఘములు, వర్తక సంఘములు వారమునకొక సాయంకాలము దీనికై కేటాయింపవలెను. ఒక పోలీసు ఉద్యోగియు, ఒక బ్యాంకు ఉద్యోగియు, ఇద్దఱు విద్యార్థులును వచ్చి పది ఫోనులకు తాళములు సరిచేసి, పదిమంది సందేహములు తీర్చిన చాలును. ఇందుకు నిధి అక్కరలేదు, భవనము అక్కరలేదు. బల్ల యొకటి, ఓర్పు యొకటి చాలును.

తన యింటిలో తాను నిర్భయముగా కూర్చుండజాలని వానికి స్వరాజ్యము మాటయే గాని అనుభవము కాదు. ఫోను మ్రోగినప్పుడు గుండె అదరక, “నీవెవరవు? నీ కధికార మెచ్చటిది? నేను ఠాణాకు వచ్చి మాటలాడుదును” అని అడుగగల పౌరులు ఒక్కొక్క వీధికి పదిమంది ఉన్ననాడు ఈ చోరులు మన పట్టణమును విడిచిపోదురు.