ఖబరస్తాన్ సర్వే నెంబరు ఎవరికి తెలుసు?

కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 6న ప్రారంభించిన 'ఉమీద్' పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు నమోదు చేసే గడువు అదే సంవత్సరం డిసెంబరు 6న ముగిసింది. ఆ ఆరు నెలల్లో దేశవ్యాప్తంగా 5,17,040 ఆస్తుల నమోదు మొదలైందనీ, వాటిలో 2,16,905 ఆస్తులకు ఆమోదం లభించిందనీ, పరిశీలనలో 10,869 తిరస్కరణకు గురయ్యాయనీ మంత్రిత్వ శాఖ ప్రకటించింది. అంతకుముందు ఉన్న 'వామ్సీ' రికార్డులో ఇదే శాఖ చూపిన స్థిరాస్తుల సంఖ్య 8 లక్షల 72 వేలు. రెండు లెక్కల మధ్య తేడా మూడున్నర లక్షలు. ఈ మూడున్నర లక్షల్లో మన నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ఖబరస్తాన్‌లు, ఈద్‌గాహ్‌లు, మసీదు మాన్యాలు ఎన్ని ఉన్నాయన్నది ప్రతి జమాఅత్ తనను తాను అడగవలసిన ప్రశ్న. ఉర్దూలో ఉమీద్ అంటే ఆశ. ఆ పేరు పెట్టినవారి ఆశ ఏదైనా కావచ్చు, మన ఆశలు మాత్రం మన కాగితాల మీద ఆధారపడి ఉన్నాయి.

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. దానిపై ముస్లిం సమాజానికి ఉన్న అభ్యంతరాలు పాఠకులకు తెలిసినవే. మాకూ ఆ అభ్యంతరాలు ఉన్నాయి. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను నిలిపివేసింది. ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపాలన్న షరతు, ప్రభుత్వ భూమి వివాదాన్ని ప్రభుత్వ అధికారే తేల్చే ఏర్పాటు అలా ఆగినవాటిలో ముఖ్యమైనవి. నమోదు తప్పనిసరి అన్న నిబంధనను మాత్రం న్యాయస్థానం ఆపలేదు. నమోదు కొత్త సంగతి కాదనీ, 1923 చట్టం నాటి నుంచీ ఉన్నదేననీ గుర్తుచేసింది. గడువు పెంచమని వెళ్లినవారికి డిసెంబరు 1న లభించిన సమాధానం ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమన్నదే. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ ఆరు నెలలకు మించకుండా అదనపు వ్యవధి ఇవ్వవచ్చునని చట్టంలోనే ఉంది.

అందరి దృష్టీ నమోదు మీద ఉండగా, అంతకంటే ప్రమాదకరమైన మరో మార్పు పెద్దగా చర్చకు రాలేదు. 1995 చట్టంలోని 107వ సెక్షన్ ప్రకారం, ఆక్రమణకు గురైన వక్ఫ్ స్థిరాస్తిని తిరిగి పొందడానికి వేసే దావాకు కాలపరిమితి ఉండేది కాదు. ముప్పై ఏళ్ల తర్వాత మేల్కొన్నా కోర్టు తలుపు తట్టవచ్చు. సవరణతో ఆ రక్షణ పోయింది. ఇప్పుడు అందరి భూములకు మాదిరిగానే వక్ఫ్ భూమికీ లిమిటేషన్ చట్టం వర్తిస్తుంది. అంటే స్థూలంగా పన్నెండేళ్లు. పల్నాటిలో భూమి తగాదా అనగానే కర్రలూ కత్తులూ గుర్తొస్తాయి. ఖబరస్తాన్ విషయంలో అంత హడావిడి ఉండదు. ముందు హద్దు మీద కంప పడుతుంది. తర్వాత గేదెల పాక వెలుస్తుంది. ఆ తర్వాత రేకుల షెడ్డు, కరెంటు మీటరు, చివరికి ఇంటి పన్ను రసీదు. ఇదంతా పూర్తి కావడానికి పన్నెండేళ్లు చాలా ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రం అయిన నాటి నుంచి పట్టణం చుట్టుపక్కల గజం భూమి విలువ ఏమైందో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు రికార్డుల్లో ఉంది. పల్నాడు 1801లో కర్ణాటక నవాబు చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. నవాబుల కాలపు సనదులు ఫార్సీలో ఉండేవి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ పాత ఇనాములను విచారించి టైటిల్ డీడ్లు ఇచ్చింది, ఫెయిర్ రిజిస్టరు రాయించింది. అది ఇంగ్లిషులో ఉంది. 1954 వక్ఫ్ చట్టం తర్వాత సర్వే కమిషనర్ల నివేదికల ఆధారంగా గజిట్ వచ్చింది. గ్రామ అడంగల్ తెలుగులో ఉంటుంది. ఇప్పుడు పోర్టల్‌లో మళ్లీ ఇంగ్లిషులో నింపాలి. ఒకే నేల తునకకు ఇన్ని భాషల్లో ఇన్ని కాగితాలు! ఒకదానిలో జామియా మసీదు అని ఉన్నది మరొకదానిలో ఉత్త 'మసీదు మాన్యం' అవుతుంది. తరతరాలుగా జనాజాలు దిగుతున్న ఖబరస్తాన్ రెవిన్యూ రికార్డులో 'శ్మశానం పోరంబోకు' అని ఉంటే, లెక్కకు అది ప్రభుత్వ భూమి. వామ్సీలో చూపిన ఆస్తుల్లో 4 లక్షల 2 వేలు వాడుక ద్వారా వక్ఫ్ అయినవేనని మంత్రిత్వ శాఖే చెప్పింది. వాటికి దస్తావేజు ఎక్కడ నుంచి వస్తుంది? మృతుడిని ఖననం చేసిన మన ముత్తాతలు రసీదు తీసుకోలేదు కదా.

దీనికి తోడు రీసర్వే వచ్చింది. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న ప్రారంభమైన ఈ కార్యక్రమం పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నెంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నెంబర్లు వచ్చాయి. వక్ఫ్ గజిట్‌లో ఉన్నది పాత నెంబరు. రెవిన్యూ కంప్యూటర్‌లో ఉన్నది కొత్త నెంబరు. ఈ రెండింటినీ కలిపే కాగితం మసీదు కమిటీ దగ్గర లేకపోతే, గజిట్ గజిట్‌గానే ఉంటుంది, భూమి మరొకరి ఖాతాలో ఉంటుంది. ఎవరూ అబద్ధం ఆడనవసరం లేదు, సంతకం ఫోర్జరీ చేయనవసరం లేదు. నెంబరు మారితే చాలు.

ప్రభుత్వ సేవలు కంప్యూటర్‌లోకి మారడం మంచిదే. దీనిలో సందేహం లేదు. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలయ్యాయి. ఒకప్పుడు దాచేపల్లి నుంచి గుంటూరు వెళ్లి, గుమాస్తా టీకి వెళ్లాడని తెలిసి, వట్టి చేతులతో తిరిగి వచ్చినవారికి ఈ మార్పు విలువ తెలుసు. అయితే కంప్యూటరీకరణ వేరు, బహిరంగపరచడం వేరు. బీరువాలోని ఫైలు కంప్యూటర్‌లోకి చేరినంత మాత్రాన సామాన్యుడికి కనిపించదు. తాళం చెవి ఆకారం మారుతుంది, అంతే.

ఉమీద్ పోర్టల్‌లో మూడు అంచెలు ఉన్నాయి. ముతవల్లీ వివరాలు నింపుతారు. వక్ఫ్ బోర్డు పక్షాన ఒకరు సరిచూస్తారు. ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోదిస్తారు. ఈ మూడు అంచెల్లో ఎక్కడా జమాఅత్ లేదు. ప్రతి శుక్రవారం ఆ మసీదులో సజ్దా చేసేవారికి, తమ వారిని ఆ ఖబరస్తాన్‌లో పూడ్చినవారికి, ముతవల్లీ ఎన్ని ఎకరాలు రాశారో, ఏ హద్దులు చూపారో చెప్పే ఏర్పాటు ఆ అంచెల్లో లేదు. నెట్ సెంటర్లో కుర్రవాడు తొందరలో 2 ఎకరాల 40 సెంట్లను 2 ఎకరాల 4 సెంట్లుగా కొడితే పట్టుకునేది ఎవరు? ఊళ్లో పెద్దవాళ్లకు హద్దులు నోటికి వచ్చు. ఆ డొంక, ఆ వేపచెట్టు, ఆ పాడుబడిన బావి వారికి తెలుసు. వారిని మాత్రం ఎవరూ అడగరు. ఇది ప్రభుత్వం తప్పు అని తోసేయడం సులభం. కానీ కౌలు ఎంత వస్తోందో, ఎవరు చేస్తున్నారో జమాఅత్‌కు చెప్పని ముతవల్లీలు పోర్టల్ రాకముందు నుంచీ ఉన్నారు. వారి మౌనం ఆక్రమణదారుకు పట్టాతో సమానంగా ఉపయోగపడింది.

వివరాలు బయట పెడితే ఏమి జరుగుతుందో 2025లో బీహార్ చూపింది. అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు కనిపించలేదు. ఎవరి పేరు పోయింది, ఎందుకు పోయింది అన్నది జనానికి తెలిసే మార్గం లేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, తొలగించిన పేర్లను కారణాలతో సహా, ఓటరు కార్డు నెంబరుతో వెతుక్కోవడానికి వీలుగా ప్రచురించాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. లెక్క అదే, జాబితా అదే. బయట పెట్టిన తర్వాత, బతికి ఉండీ చనిపోయినవారి పద్దులో చేరిన మనిషి తన పేరు తాను వెతుక్కోగలిగాడు.

పేర్ల సంగతి వచ్చింది గనుక ఒక మాట. మన పేర్లకు ఈ కంప్యూటర్ల వల్ల కలిగిన కష్టం మరెవరికీ కలగలేదేమో. ఉర్దూలోని ఐన్, ఖాఫ్ అక్షరాలకు తెలుగులో సరైన చోటు లేదు. తెలుగు నుంచి ఇంగ్లిషుకు వెళ్లేసరికి 'షేక్' ఒక్కటే నాలుగు స్పెల్లింగులైంది, కొందరికి వట్టి 'ఎస్‌కే' అని రెండు అక్షరాలే మిగిలాయి. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న జాన్‌పహాడ్ దర్గా మీది ప్రేమతో పెట్టుకున్న సైదా, సైదులు, సైదాబీ పేర్లు ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో తీరు. మనిషి ఒకరే అని వీధి వీధంతా చెబుతుంది, యంత్రం ఒప్పుకోదు. ముతవల్లీ ఆధార్‌లో ఒక పేరు, వక్ఫ్ బోర్డు నియామక పత్రంలో ఒక పేరు ఉంటే, అక్కడా ఇదే గొడవ. మదరసాలో, బడిలో పిల్లల పేర్లు రాసుకునే మా వంటివారు తల్లిదండ్రుల చేతిలోని కాగితం చూసి అక్షరం అక్షరం సరిచూడడం ఇప్పుడు ఫర్జ్ వంటిది అయింది.

రాసి పెట్టుకోవడం మన దీన్‌కు కొత్త కాదు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాయించమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే ఆయతు ఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు. ఖైబర్‌లో తనకు దక్కిన భూమిని ఏమి చేయాలని హజ్రత్ ఉమర్ (ర) అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. ఆ భూమి అమ్మడానికి, వారసత్వంగా పంచడానికి వీలు లేదన్న షరతు, చూసుకునేవాడు ఎంతవరకు తినవచ్చునన్న పరిమితి అన్నీ అందరికీ తెలిసేలా నిర్ణయించారు. ముతవల్లీకి తప్ప మరెవరికీ తెలియని వక్ఫ్ అన్నది ఆ మూలంలో ఎక్కడా కనిపించదు.

కాబట్టి జమాఅత్‌లు ఏమి చేయగలవు? గజిట్ పేజీ, ఇనాం టైటిల్ డీడ్ నెంబరు, పాత సర్వే నెంబరు, కొత్త ఎల్.పి.ఎం. నెంబరు, విస్తీర్ణం, కౌలుదారు పేరు, కౌలు మొత్తం, పోర్టల్‌లో నింపిన వివరాల ప్రతి ఇవన్నీ ఒకే కాగితం మీదకు తెచ్చి మసీదు నోటీసు బోర్డులో పెట్టడానికి ఏ చట్టం అడ్డు రాదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద అమ్మకం నిషేధించిన ఆస్తుల జాబితాలో వక్ఫ్ భూములూ ఉంటాయి. ఆ జాబితాను రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఊరు, సర్వే నెంబరు కొట్టి ఎవరైనా చూడవచ్చు. మన ఖబరస్తాన్ నెంబరు అందులో లేదంటే ఆ భూమి రేపు రిజిస్టర్ కావడానికి తలుపు తెరిచే ఉందన్నమాట. సమాచార హక్కు చట్టం కింద ఈ రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. రీసర్వేలో పాత నెంబరు ఏ కొత్త నెంబరు అయిందో తహసీల్దార్ కార్యాలయాన్ని అడగడానికి 5 రూపాయలు సరిపోతాయి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ముతవల్లీ మార్చి 31తో ముగిసిన ఏడాది జమాఖర్చుల లెక్క జూలై 1 లోపు బోర్డుకు ఇవ్వాలని 1995 చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. ఆ లెక్క ప్రతిని జుమా నమాజు తర్వాత చదివి వినిపించమని అడిగే హక్కు ముసల్లీలకు ఉంది. అడగడానికి కాలేజీ చదువుకున్న కుర్రవాళ్లు మాచర్లలోనూ, గురజాలలోనూ, పిడుగురాళ్లలోనూ కావలసినంత మంది ఉన్నారు. ఫోన్‌లో రీళ్లు చూసే వేళ్లతోనే ఒక సర్వే నెంబరు కొట్టడం వారికి రెండు నిమిషాల పని.