బేసిన్‌లో నీళ్లు, బడిలో పాఠం

బడి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి "ఈ రోజు లెక్కల్లో ఏం చెప్పారు?" అని అడుగుతాము. "నీళ్ల గురించి చెప్పారు" అంటే మనకు తృప్తి కలగదు. ఫీజు కట్టింది ఇందుకేనా అని మథనపడతాము. నిజానికి ఏడెనిమిదేళ్ల పసివానికి లోకం లెక్కలుగా, భాషగా, విజ్ఞానశాస్త్రంగా విడివిడిగా కనిపించదు. వాడికి కనిపించేది నీళ్లు, అన్నం, ఇల్లు, ప్రయాణం.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో విద్యా మహాసభ జరిగింది. దాని ఆశయాలకు పాఠ్యప్రణాళిక రూపొందించిన సంఘానికి డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షులు. 1897లో హైదరాబాదులో జన్మించిన ఆయన అప్పుడు జామియా మిల్లియా ఇస్లామియాకు సారథి. ఒక చేతిపని, పిల్లవాని చుట్టూ ఉన్న ప్రకృతి, సమాజం - ఈ మూడింటితో ముడిపెట్టి మిగతా పాఠాలు చెప్పాలని ఆ సంఘం సూచించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరువాత ఎన్.సి.ఇ.ఆర్.టి. కూడా 3 నుంచి 5 తరగతుల పరిసరాల విజ్ఞానాన్ని నీరు, ఆహారం, నివాసం, ప్రయాణం వంటి ఆరు అంశాల చుట్టూ అల్లింది.

ఈ పద్ధతిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. పిల్లవాడు కుళాయి కింద వుజూ చేసేటప్పుడు ఒక బేసిన్ పెట్టి, పడిన నీటిని లీటరు సీసాతో కొలవమనండి. మరుసటి పూట చెంబుతో వుజూ చేయించి మళ్లీ కొలిపించండి. ఆ రెంటి తేడా తీసివేత. అయిదు పూటలకు లెక్కగడితే గుణకారం. ఆ నీరు ఎక్కడిదని అడిగితే భూగోళం మొదలవుతుంది. హైదరాబాదు పిల్లలైతే కృష్ణా, గోదావరుల దాకా వెళ్లవచ్చు. 1908 మూసీ వరద ఉస్మాన్ సాగర్ నిర్మాణానికి ఎలా దారితీసిందో దాదీ, నానీలు చెబితే అది చరిత్ర. తెలిసినదంతా అయిదు వాక్యాల్లో రాస్తే భాషాభ్యాసం. వృథా తప్పని నూరుసార్లు చెప్పినదాన్ని, తన చేత్తో కొలిచిన పిల్లవాడు ఒక్కసారికే గ్రహిస్తాడు.

అయితే ముడి సహజంగా ఉండాలి. చేప బొమ్మకు రంగు వేయించి, నీటి పాఠం ముగిసిందనుకుంటే అది కాలక్షేపమే అవుతుంది. ఎక్కాలు, చదవడం, రాయడం నిత్యసాధన లేనిదే రావు. ఒక అంశం చుట్టూ చెప్పే పాఠం ఆ సాధనకు బదులు కాదు. ఆ సాధన ఎందుకో పిల్లవానికి తెలియజెప్పేది మాత్రమే. బడిలో ఈ రెండూ జరుగుతున్నాయా అని ఉపాధ్యాయులను అడగడం తల్లిదండ్రులుగా మన హక్కు, బాధ్యత కూడా.

ఈ సాయంత్రం పిల్లవాడు "నీళ్ల గురించి చెప్పారు" అంటే నిరాశపడవద్దు. "ఏం కొలిచావు? ఏం రాశావు? ఎవరిని అడిగి తెలుసుకున్నావు?" అని అడుగుదాం. వాడి జవాబుల్లోనే ఆ బడి చదువు ఎంతటిదో మనకు తెలిసిపోతుంది.