తత్సమానం అంటే ఎవరి కాటాతో?



పోస్టు పొడుగ్గా ఉంది, ముందే చెప్తున్నాం. ఇప్పుడు టైం లేనివాళ్ళు సేవ్ చేసుకుని హాస్టల్‌లో తీరిగ్గా చదవండి. కానీ చదవండి. ఎందుకంటే ఇది భూమి గురించి, భూమి కంటే ముందు మన చేతిలోంచి జారిపోతున్న ఒక మాట గురించి.

ఏ ఉద్యోగ నోటిఫికేషన్ తీసినా అందులో ఒక మాట ఉంటుంది: 'డిగ్రీ లేదా తత్సమాన విద్యార్హత'. ఈ తత్సమానం దగ్గర మనలో ఎంతమంది ఇరుక్కున్నారో మనకి తెలుసు. మన సర్టిఫికెట్ దేనికి సమానమో తేల్చేది మనం కాదు, కౌంటర్ లోపల కూర్చున్నాయన. ఆయన కాదంటే మూడేళ్ళ చదువు మూడు కాగితాలై ఇంటికొస్తుంది. అయినా ఆ మాట గురించి మనం ఎప్పుడూ ఆలోచించలేదు. సెలవులకి ఇంటికెళ్ళి ఒక గ్రామసభలో కూర్చున్నాకే ఆలోచించాం.

ఊరి పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. అక్కడ బతకాల్సింది మనవాళ్ళే కదా. భూమి తీసుకుంటున్నారు. పరిహారం లెక్క చదివిన అధికారి చివర్లో, "మీ భూమికి సమానమైన విలువ కట్టి ఇస్తున్నాం, ఇంకేం తక్కువైందమ్మా?" అన్నాడు. చింతచెట్టు మొదట్లో కూర్చున్న ఒక అవ్వ అడిగింది, "దేనికి సమానం బాబూ?" మార్కెట్ రేటుకి అన్నాడాయన. "మా ఊళ్ళో భూమి ఎవరమ్మారని రేటు తెలిసింది?" అంది అవ్వ. జనం నవ్వారు. ఆయన పేజీ తిప్పేశాడు. మేము మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

మాటల మూలాలు తవ్వడం పండితుల పని అనుకోవద్దు. మన సర్వే నంబర్లు తవ్వేవాళ్ళు ఉన్నప్పుడు వాళ్ళు వాడే మాటల్ని మనం తవ్వితే తప్పేంటి?

ముందు 'విలువ' అన్న మాట చూద్దాం. ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, ద్రావిడ మాటే. తమిళంలో విల్ అంటే అమ్మడం, విలై అంటే ధర. కన్నడంలో ధరని బెలె అంటారు. మన 'వెల' ఆ ఇంటిదే. పాత తెలుగులో విలుచు అంటే కొనడం. అంటే విలువ అన్నది సంతలో పుట్టిన మాట. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడితేనే దానికి అర్థం. మరి అమ్మకమే లేని చోట?

మన ఏజెన్సీ ప్రాంతంలో భూమి అమ్మకాలు ఎందుకు లేవో గ్రూపులో అందరికీ తెలుసు, అయినా చిన్నవాళ్ళ కోసం ఒకసారి. 1959 భూబదలాయింపు నిబంధనలు, దానికి 1970లో వచ్చిన సవరణ కలిపి మనం 1/70 అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదు. దాన్ని దాటడానికి దొంగ కాగితాలు, బినామీ పేర్లు ఎన్ని వచ్చాయో వేరే పోస్టులో రాసుకుందాం. ఇక్కడ విషయం ఒక్కటే. అమ్మకూడదు కాబట్టి రిజిస్ట్రేషన్లు తక్కువ. రిజిస్ట్రేషన్లు లేవు కాబట్టి మార్కెట్ రేటు లేదు. రేటు లేదు కాబట్టి విలువ తక్కువ. మనల్ని కాపాడటానికి వచ్చిన చట్టాన్నే చూపించి మన భూమికి ధర లేదంటున్నారు.

ఇది చట్టం రాసినవాళ్ళకి తెలియక కాదు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్‌లోనే ఉంది. వేరే చట్టాల వల్ల భూమి లావాదేవీల మీద ఆంక్షలున్న చోట ప్రభుత్వం ఆనుకుని ఉన్న ప్రాంతాల్లోని అలాంటి భూముల లెక్క ఆధారంగా కనీస ధర నిర్ణయించాలి. బాగానే ఉంది. కానీ ఆ ఆనుకుని ఉన్న ప్రాంతం కూడా ఏజెన్సీయే అయితే? ఒక సున్నా పక్కన ఇంకో సున్నా పెట్టి సగటు తీస్తే ఏమొస్తుంది? గ్రామసభలో ఈ సెక్షన్ నంబరు చెప్పి అడిగినవాళ్ళని మేమైతే ఇంతవరకు చూడలేదు. మనం అడగాలి.

ఇక్కడే ఒక తెలివైన వాదన వినిపిస్తుంది. "1/70 ఎత్తేయండి, మీ భూములకీ మంచి రేటు వస్తుంది" అని. కోచింగ్ సెంటర్లలో మన స్నేహితులే అంటారు, మనమీద ప్రేమ ఉన్నట్టే అంటారు. రేటు వస్తుంది, నిజమే. రేటు వచ్చిన తెల్లారి భూమి ఉండదు. రోడ్డు పక్కన బడ్డీ కొట్టుగా మొదలై మేడగా లేచినవాటి కింద ఎవరి పట్టా ఉందో మన ఊళ్ళలో ఎవరినైనా అడగండి. 1/70 మన భూమి విలువ తగ్గించలేదు. దాన్ని సంతలోకి ఈడ్చుకుపోకుండా ఆపింది, అంతే.

ఇప్పుడు సమానం. నిఘంటువులు చెప్పే ఒక వ్యుత్పత్తి ప్రకారం స, మానం కలిస్తే సమానం, అంటే ఒకే కొలత గలది. మానం అంటే కొలత. ధాన్యం కొలిచే మానిక ఆ ఇంటి మాటే. తుల్యం కూడా ఇలాంటిదే, తుల అంటే త్రాసు, త్రాసులో సరితూగేది తుల్యం. ఈ పెద్దపెద్ద మాటలన్నిటి కిందా చివరికి ఒక కొలపాత్రో ఒక కాటానో ఉంటుంది. మన తాతలు సంత కథలు చెప్పేవాళ్ళు గుర్తుందా? చింతపండు తీసుకునేటప్పుడు షావుకారిది ఒక కాటా, ఉప్పు తూచి ఇచ్చేటప్పుడు ఇంకో కాటా. రెండు కాటాలూ ముల్లు నిటారుగానే చూపించేవి! చూసేవాడికి అంతా సమానమే. ఆ షావుకార్ల నుంచి కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పెట్టారు. కాటా ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయం కాదని ప్రభుత్వానికి అప్పుడే తెలుసు.

ఇంగ్లీషులో దీన్ని ఈక్వివలెంట్ అంటారు. ఇది లాటిన్ నుంచి వచ్చింది. ముందు సగం ఈక్వుస్ అంటే సమానం. రెండో సగం వలేరే. దానికి ధర అని కాదు, బలంగా ఉండటం అని అర్థం. వాల్యూ అన్న మాట కూడా దాన్నుంచే. అంటే ఈక్వివలెంట్ అంటే మొదట్లో సమాన బలం గలది. ఈ అర్థంతో 2013 చట్టం రెండో షెడ్యూల్ చదవండి. భూమికి భూమి అన్న చోట, భూమి కోల్పోయే ఎస్సీ, ఎస్టీలకి తీసుకున్న భూమికి సమానమైన భూమి లేదా రెండున్నర ఎకరాలు ఇవ్వాలని ఉంది. ఆ వెంటనే ఇంకో ముక్క ఉంది: ఏది తక్కువైతే అది.

ఇంకోసారి చదవండి. ఏది తక్కువైతే అది.

ఐదెకరాలు పోయినవాడికి రెండున్నర. పదెకరాలు పోయినవాడికీ రెండున్నరే. ఎకరం పోయినవాడికి ఎకరం. ఈ వాక్యం ఎటు తిప్పినా కిందికే దిగుతుంది, ఒక్కసారి కూడా పైకి ఎక్కదు. సమానం అని రాసిన చేతితోనే, కామా ఆరకముందే, సమానం కాదని రాసేశారు. డబ్బు పరిహారం లెక్క మొదటి షెడ్యూల్‌లో వేరే ఉంది కదా అంటారు. ఉంది. కానీ 'సమానమైన భూమి' అన్న మాట రాసింది ఇక్కడ. ఆ మాటకి కట్టుబడమనే అడుగుతున్నాం.

డబ్బు లెక్కలో ఇంకో మాట ఉంది, సొలేషియం. మార్కెట్ విలువ లెక్కకి అంత మొత్తం, నూటికి నూరు శాతం, అదనంగా ఇస్తారు. మనవాళ్ళు దాన్ని బోనస్ అనుకుంటున్నారు. లాటిన్‌లో దాని అర్థం ఓదార్పు. ఇష్టం లేకుండా ఇచ్చినవాడికి ఓదార్పు. ఓదార్పు ఇస్తున్నారంటే దుఃఖం ఉందని చట్టమే ఒప్పుకున్నట్టు. మరి స్టేజీ మీద 'స్వచ్ఛందంగా ముందుకొచ్చిన గిరిజన సోదరులు' అని ఎలా చదువుతున్నారో మాకు అర్థం కాదు.

అన్నిటికన్నా మింగుడుపడనిది 42వ సెక్షన్. అటవీ హక్కుల చట్టం, 2006 కింద ఖరారైన సామూహిక హక్కులుంటే వాటిని డబ్బుగా లెక్కగట్టి, నిర్వాసితుడైన మనిషికి అతని వాటా ప్రకారం చెల్లించాలట. ఇప్పపువ్వు ఏరుకునే గుట్టలో నీ వాటా ఎంత? తునికాకు కోసే అడవిలో మీ చిన్నమ్మ వాటా ఎంత? ఊరంతా కలిసి కొలుపు చేసే చోటుని ఇళ్ళ లెక్కన భాగిస్తే ఒక్కో ఇంటికి ఎన్ని రూపాయలు? అది సామూహిక హక్కు ఎందుకయిందంటే పంచుకోవడానికి వీల్లేదు కాబట్టి. పంచి చేతిలో పెట్టిన క్షణం ఇచ్చింది దానికి సమానం కాదు, అది ఇంకో వస్తువు.

చట్టంలో మంచి లేదని మేము అనడం లేదు. 41వ సెక్షన్‌లో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉంది. గిరిజన కుటుంబాల్ని వీలైనంత వరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒకేచోట, భాష, సంస్కృతి నిలిచేలా ఉంచాలని ఉంది. ఏజెన్సీ బయటికి పంపినా మన రక్షణలు మన వెంట రావాలని 42లోనే ఉంది. ఆ లైన్లు ఫోన్‌లో పెట్టుకోండి. మాట మన పక్షాన ఉన్న చోట దాన్ని గట్టిగా పట్టుకోవాలి.

పోలవరం ముంపు మండలాల తమ్ముళ్ళకి ఇంకో 'సమానం' కూడా తెలుసు, కాంటూరు. సమాన ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపి గీసిన గీత. 2014లో ఆ మండలాల్ని తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. తర్వాత ఊళ్ళ బతుకు 41.15 మీటర్ల గీతకి ఇవతలా అవతలా అని రెండుగా చీలింది. పూర్తి మట్టం 45.72 అని అందరికీ తెలిసినా ముందు వీళ్ళు, తర్వాత వాళ్ళు. కాగితం మీద అది ఎత్తు లెక్క. ఊళ్ళో అది అన్న ఇల్లు, తమ్ముడి ఇల్లు.

మనలోనే కొందరు అంటున్నారు, "ఇవన్నీ సోది, వచ్చిన డబ్బు తీసుకుని పట్నంలో స్థలం కొనుక్కుంటే పిల్లలైనా బాగుపడతారు" అని. వాళ్ళని తిట్టే హక్కు మాకు లేదు. ఆసుపత్రికి మంచం మీద మోసుకెళ్ళిన బాధ వాళ్ళది. రోడ్డు, బడి, సిగ్నల్ కావాలనుకోవడం తప్పు కాదు. కానీ రోడ్డూ బడీ పౌరులుగా మనకి ఎలాగూ రావాల్సినవి. వాటిని కూడా భూమికి 'సమాన విలువ' కింద కాటాలో వేసి తూస్తున్నారు. ఇది మాత్రం ఒప్పుకోవద్దు. పక్క జిల్లా పట్టణంలో ఎవరూ పొలం ఇచ్చి సీసీ రోడ్డు కొనుక్కోలేదు.

తెలుగులో 'సరి' అని చక్కని మాట ఉంది. సరి అంటే సమానం. సరే అన్నా దాన్నుంచే. కానీ మనకి ఎక్కువగా వినబడేది దాని ఇంకో రూపం, సరిపెట్టుకో. తక్కువొస్తే సరిపెట్టుకో, దూరమైతే సరిపెట్టుకో, కాలనీలో ఇంటి గోడ పగిలితే సరిపెట్టుకో. సరిపెట్టుకోమని ఎప్పుడూ ఒకవైపు వాళ్ళకే చెప్తారు, గమనించారా?

మాకు నచ్చిన మాట బరాబర్. తెలంగాణ వైపు మనవాళ్ళ నోట రోజూ తిరిగేదే. ఫారసీ నుంచి వచ్చింది. ఫారసీలో బర్ అంటే రొమ్ము. రొమ్ముకి రొమ్ము ఎదురుగా, ఒకే ఎత్తులో నిలబడితే అది బరాబర్. ఇందులో కాటా లేదు, కొలపాత్ర లేదు, సంత లేదు. ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, అంతే. గ్రామసభలో ఒకరు కుర్చీలో, ఒకరు నేల మీద కూర్చుని మాట్లాడేది బరాబర్ ఎలా అవుతుంది?

అందుకే మూడు పనులు అనుకున్నాం. ఈ సెలవుల్లో మీ ఊళ్ళో భూసేకరణ సభ ఉంటే ధర ఏ సెక్షన్ ప్రకారం, ఏ ఊరి లెక్కతో కట్టారో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. తీర్మానంలో 'సమాన విలువ' అని ఉంటే దేనికి సమానమో పక్కనే రాయించకుండా వేలిముద్ర వేయనివ్వొద్దు. చదువు రాని పెద్దవాళ్ళ పక్కన మనం కూర్చోవాలి. మూడోది, మీ ఇంట్లో కోయలో, గోండిలో, కువిలో, సవరలో, మీరు ఏ భాష మాట్లాడితే ఆ భాషలో, రెండు వస్తువులు సరిసమానం అనడానికి ఏమంటారో అవ్వని అడిగి కింద రాయండి. ఆ మాట ఎప్పుడెప్పుడు వాడతారో కూడా రాయండి. వేటలో వాటా పంచేటప్పుడా, పెళ్ళిలో ఓలి మాట్లాడేటప్పుడా, లేక గట్టు తగువు తీర్చేటప్పుడా? అన్నీ ఒకచోట చేర్చి వచ్చే పోస్టులో పెడతాం.