గొడుగు... చర్మం కింద!

కిటికీ అద్దంలోంచి పడే వెలుగుకే చెయ్యి భగ్గున మండితే? ఈపీపీ అనే అరుదైన జబ్బుతో పుట్టినవాళ్లకి అది మామూలే. రక్తానికి ఎరుపునిచ్చే ‘హీమ్‌’ తయారీలో ఆఖరి మెట్టు దగ్గర లోపం వల్ల ప్రోటోపార్ఫిరిన్‌ అనే పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది. దానిమీద వెలుగు పడిందా, నొప్పి రోజుల తరబడి వదలదు. ఆ పని చేసేది కంటికి కనిపించే వెలుగే కాబట్టి మామూలు సన్‌స్క్రీన్లు ఆదుకోవు.

వీళ్లకో గొడుగు దొరికింది... అదీ వేరే పరిశోధనలోంచి!

ఎండకి మనం నల్లబడటంలో ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌ అనే హార్మోనుది పెద్ద పాత్ర. 13 అమైనో ఆమ్లాల చిన్న గొలుసది. పెప్టైడ్‌ అంటారు. రంగునిచ్చే కణాల మీదుండే ఎంసీ1 గ్రాహకంలో, తాళంలో చెవిలా కుదురుకుంటుంది. వెంటనే కణంలో సైక్లిక్‌ ఏఎంపీ పెరిగి నల్లటి మెలనిన్‌ తయారవుతుంది. చిక్కేమిటంటే, ఈ గొలుసును ఎంజైములు నిమిషాల్లో తుంచేస్తాయి.

అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో మాక్‌ హ్యాడ్లీ, విక్టర్‌ హ్రూబీల బృందానికి ఓ వింత ఎదురైంది. ఈ హార్మోనును క్షారంలో వేడిచేస్తే పాడవ్వాలి కదా! పాడవలేదు సరికదా, కప్ప చర్మాన్ని ఇంకా ఎక్కువసేపు నల్లగా ఉంచింది. కూపీ లాగితే తేలిందేమంటే- వేడికి కొన్ని అమైనో ఆమ్లాలు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడ్డాయి, ముఖ్యంగా ఏడోదైన ఫినైల్‌ అలనిన్‌. దాంతో ఏడోచోట కావాలనే తిరగబడ్డ రూపాన్ని పెట్టారు. నాలుగోచోట, తేలిగ్గా ఆక్సీకరణ చెందే మెథియొనిన్‌ తీసేసి నార్‌ల్యూసిన్‌ చేర్చారు. 1980లో వెలువడిన ఈ కృత్రిమ గొలుసు ఎంజైములకు అంత తేలిగ్గా లొంగదు. గ్రాహకాన్నీ గట్టిగా పట్టుకుంటుంది. అదే అఫామెలనోటైడ్‌.

ఈ గ్రాహకాలు అయిదు రకాలు. మెదడులోని ఎంసీ4 ఆకలిని అదుపుచేస్తుంది. దాన్ని తట్టిలేపే సెట్‌మెలనోటైడ్‌కి, జన్యులోపంతో తీరని ఆకలి ఉన్నవారి కోసం 2020లో అమెరికా అనుమతిచ్చింది. ఒకే చెవి నాలుగు తాళాల్లో దూరితేనే తంటా. మెలనోటాన్‌-2 అలాంటిదే. ఒంటికి రంగు తెచ్చుకోవాలని విదేశాల్లో కొందరు దొంగచాటుగా కొని పొడుచుకునే ఇంజెక్షన్‌ ఇది (మన తెల్లబడే క్రీముల మోజుకు సరిగ్గా తిరగేసినట్టు!). వికారం పుడుతుంది, పుట్టుమచ్చలు నల్లబడతాయి.

అఫామెలనోటైడ్‌ని మాత్రం వైద్యులే పెట్టాలి. 16 మిల్లీగ్రాముల మందున్న, బియ్యపుగింజలాంటి ముక్కను తుంటి ఎముక పైన చర్మం కింద ఉంచుతారు. రెండు నెలలకోసారి. ఐరోపాలో 2014లో, అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. జబ్బు పోదు, ప్రోటోపార్ఫిరిన్‌ అలాగే ఉంటుంది. పైన మెలనిన్‌ కాస్త అడ్డుపడుతుందంతే. అమెరికాలో జరిగిన పరీక్షలో, నొప్పి లేకుండా ఎండలో గడిపిన సమయం ఉత్తుత్తి మందు వాడినవారికి మధ్యగతం లెక్కన 41 గంటలైతే, దీన్ని వాడినవారికి 69 గంటలు. రోజుకి కాదు, ఆరు నెలలకీ కలిపి.